ఎడమ భుజం, ముప్పావు అంగుళం

ఆ రోజు తను తల ఊపింది తెలిసి ఊపిందా, తెలియక ఊపిందా? ఈ అనుమానం టేపమ్మను ఇరవై రెండేళ్ళుగా పట్టుకుని ఉంది. రోజూ పొద్దున్నే దేవుడి ముందు దీపం పెట్టి, ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలని దండం పెట్టుకున్నాక, ఆఖర్న ఈ ఒక్క మాటా అడిగేది. అడిగినవీ అడగనివీ ఎన్నో ఇచ్చిన దేవుడు దీనికి మాత్రం జవాబివ్వలేదు. ఆయనకు తెలియకనా? నా నోటితోనే చెప్పించాలని చూస్తున్నాడేమో అనుకుని లేచి, మెడలో టేపు వేసుకుని కుట్టుమిషను ముందు కూర్చునేది. ఆ టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. అసలు పేరు కాగితాలకే మిగిలిపోయి, వీధి వీధంతా టేపమ్మ అనే పిలిచేది.

సంగతి చెప్పుకుంటే చిన్నదే. అప్పట్లో ఆమె తన బావగారు, అంటే భర్తకు స్వయానా అన్నగారు, నడిపే కుట్టుబడిలో కటింగు నేర్పేది. బావగారికి బోర్డు రాయించడం తెలుసు, ఫీజు పుచ్చుకోవడం ఇంకా బాగా తెలుసు. కత్తెర పట్టడం మాత్రం తెలియదు. పాఠాలన్నీ టేపమ్మే చెప్పేది. చెప్పిందే చెప్పలేక, మూడేళ్ళు కూర్చుని ఒక పొడుగాటి నోటుపుస్తకం నిండా రాసిపెట్టింది. చొక్కా, పాంటు, కోటు, పిల్లల గౌను, ఏది ఎలా కత్తిరించాలో బొమ్మలతో సహా. పిల్లల గౌను పేజీకి కొలతలు కావలసి వస్తే ఎదురుగా ఆడుకుంటున్న తన కూతుర్నే నిలబెట్టి టేపు పెట్టింది.

ఆ పిల్ల నాలుగేళ్ళప్పుడు మేడమెట్ల మీంచి పడి, మెడ పక్క ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గాని, ఎడమ భుజం కాస్త దిగే ఉండిపోయింది. అందుకని టేపమ్మ ఆ పేజీలో, గుడ్డ మడత విప్పి ఎడమ భుజం ముప్పావు అంగుళం కిందికి దించి కత్తిరించాలి అని రాసుకుంది. అది తన పిల్లకు మాత్రమేనని రాయలేదు. తన నోటుపుస్తకమే కదా, తనకు తెలియదా?

ఒకనాడు బావగారు ఆ పుస్తకం అడిగారు. బళ్ళో పిల్లలకు కాపీలు తీయిస్తానన్నారు. రెండు రోజులకు దాన్ని చేత్తో పట్టుకుని ఆమె పనిచేసే గది గుమ్మంలో నిలబడ్డారు. ఆమె ఒక పెద్దమనిషికి కోటు తొడిగి, చేతి దగ్గర సూదులు గుచ్చుతోంది. నోటినిండా గుండుసూదులు.

"అమ్మాయ్, గౌనుకి ఎడమ భుజం దించాలని రాశావు. అందరికీ అంతేనా?"

టేపమ్మ తల ఊపింది. అంతే.

నెల తిరిగేసరికి ఆ నోటుపుస్తకం అచ్చు పుస్తకమై వచ్చింది. అట్ట మీద బావగారి ఫోటో. మెడలో టేపు. ఆ టేపు కూడా టేపమ్మదే. పన్నెండో అంగుళం దగ్గర సిరా మరక స్పష్టంగా కనిపిస్తోంది. లోపల ఎక్కడా ఆమె పేరు లేదు.

"బావగారూ, ఇది నేను రాసింది కదా" అందామె.

"నువ్వు రాస్తేనేం, నేను రాస్తేనేం? మన పుస్తకమమ్మా ఇది. ఆడపేరు చూస్తే మగ టైలర్లు కొంటారా, నువ్వే చెప్పు."

ఇంటికొచ్చి భర్తతో చెప్పుకుంది. ఆయన బస్సులో టికెట్లు కొట్టే మనిషి. ఎక్కేవాడితోనూ దిగేవాడితోనూ గొడవ పడకుండా ఉద్యోగం వెళ్ళదీసినవాడు. "పోనీవే, అన్నయ్య పేరైతేనేం? ఇంటిపేరు ఒకటేగా" అన్నాడు. ఆ మాటకు ఆమె వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. బడి మానేసి ఇంట్లోనే మిషను వేసుకుంది.

బడి మానేసిన మూడో రోజున, ఎంత కడుపు మండినా చూడకుండా ఉండలేక, ఆ పుస్తకం తిరగేసింది. నలభై ఏడో పేజీ దగ్గర ఆగింది. పిల్లల గౌను. 'ఎడమ భుజం ముప్పావు అంగుళం కిందికి దించి కత్తిరించాలి.' తన కూతురి విరిగిన ఎముక ఊళ్ళో పిల్లలందరికీ రూలైపోయింది. టేపమ్మ ముందు నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తరవాత పుస్తకం మూసి, ఎవరికీ చెప్పకూడదని నిశ్చయించుకుంది. తిరగనీ. ఆయన ఫోటోతో, ఆయన పేరుతో, ఆ వంకర భుజం ఊరూరా తిరగనీ.

తిరిగింది కూడా. ఒకటి రెండు కాదు, పంతొమ్మిది ముద్రణలు. మూడో ముద్రణలో బావగారు ఆ వాక్యానికి కారణం కూడా కనిపెట్టి చేర్చారు. పిల్లలు బడిసంచీ ఎడమ భుజానికి తగిలించుకుంటారు గనక ఆ భుజం సహజంగా దిగుతుందట. అది చదివిన రోజున టేపమ్మ దేవుడికి రెండు దీపాలు పెట్టింది. పెట్టాక, ఇది భక్తేనా అని తనలో తనే కాస్త సందేహపడింది. బడిలో కొత్తగా చేరిన పంతుళ్ళు ఆ పేజీ దగ్గరకు రాగానే మారుమాట లేకుండా రెండు భుజాలూ సమంగా కత్తిరించి చూపించేవాళ్ళు. యజమానికి చెప్పే ధైర్యం ఎవరికి? పుస్తకం చూసి ఇంట్లో నేర్చుకునేవాళ్ళే ఇరుక్కున్నారు.

అలా ఇరుక్కున్నవాళ్ళలో ఎదురింటి కోడలొకతె. పుస్తకం వచ్చిన ఏడాదికి, ఐదేళ్ళ కూతురికి గౌను కుడదామని, నీలం మీద తెల్ల చుక్కల గుడ్డ మీటరు ముప్పావు కొనుక్కుంది. పుస్తకంలో ఉన్నట్టే కత్తిరించింది. తొడిగి చూస్తే మెడ ఎడమకు జారిపోతోంది. సరిచేద్దామని కుడి భుజం కోసింది. కుడి ఎక్కువ కోసినట్టనిపించి మళ్ళీ ఎడమ. అలా అటు కొంత ఇటు కొంత కోసుకుంటూ పోయి, ఆఖరికి బొమ్మకు తొడిగేంత గుడ్డ మిగిలింది. అది పట్టుకుని ఏడుపుమొహంతో టేపమ్మ దగ్గరకొచ్చింది.

"పిన్నీ, పుస్తకంలో ఉన్నట్టే కత్తిరించాను. మరి నా చెయ్యే మంచిది కాదేమో."

తప్పు నీది కాదే, పుస్తకానిది అని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఈ పిల్ల నలుగురికి చెబుతుంది. నలుగురూ వెళ్ళి బావగారికి చెబుతారు. ఆయన వచ్చే ముద్రణలో దిద్దేసుకుంటారు.

"చెయ్యి తిరగాలి అమ్మాయ్. ఇంకా తిరగాలి" అంది టేపమ్మ.

ఆ కోడలు మళ్ళీ కత్తెర పట్టలేదు. కొన్నాళ్ళకు మిషను అమ్మేశారు. ఆమె టైపు నేర్చుకుని వీధి చివరి ప్రెస్సులో కంపోజింగు పనికి కుదిరింది. ఇప్పటికీ అక్కడే.

*

ఇరవై రెండేళ్ళలో ఈ ఇంటికి ఒక్క పండైనా తేని బావగారు, ఒక సాయంత్రం సంచీ నిండా యాపిల్ పళ్ళతో వచ్చారు. భర్త కంగారుపడి కుర్చీ తుడిచాడు. టేపమ్మ టీ పెట్టి తెచ్చింది.

"బాగున్నావా అమ్మాయ్?"

"మీ దయవల్ల బాగానే ఉన్నాం బావగారూ."

"నాదేముందమ్మా, పైవాడి దయ."

"ఆయనదీ ఉంది లెండి."

బావగారు టీ గ్లాసు అటూ ఇటూ తిప్పారు. "ఇరవయ్యో ముద్రణ వేయిస్తున్నాను. ఓ చిన్న చిక్కొచ్చింది. ఇదివరకు గౌను వంకరగా వస్తే ఎవరి చేతిని వాళ్ళు తిట్టుకుని ఊరుకునేవాళ్ళు. ఇప్పుడు ప్రతివాడి చేతిలో ఫోను. పిల్లకి తొడగడం, ఫోటో తీయడం, కింద నా పుస్తకం పేరు రాయడం. నిన్నొకాయన పదిమంది పిల్లల్ని వరసగా నిలబెట్టి తీశాడు. పదిమందీ ఒకే పక్కకి ఒరిగున్నారు, గాలికి వంగిన మొక్కల్లాగా."

భర్తకు టీ పొలమారింది. టేపమ్మ ఆయన వీపు మీద తట్టింది, కాస్త గట్టిగానే.

"మెడ దగ్గరేదో తేడా ఉంది. నాకంతుబట్టడం లేదు. నువ్వోసారి చూసి పెట్టాలి" అన్నారు బావగారు.

"నేనా? మీరు రాసిన పుస్తకంలో తప్పు పట్టేంతటిదాన్నా బావగారూ?"

"అట్లా అనకమ్మా. ఈసారి లోపలి పేజీలో సహకారం అని వేసి, కింద నీ పేరు వేయిస్తాను."

"ఎంత అక్షరాల్లో?"

"ఆ... చిన్నవే అనుకో. అక్కడ అవే బాగుంటాయిట."

టేపమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుంది. ఈసారి ఆమె నోట్లో గుండుసూదులు లేవు. "నాకు తీరిక లేదు బావగారూ. నా పుస్తకం పనిలో ఉన్నాను" అంది.

"ఏ పుస్తకం?"

ఏ పుస్తకమో ఆమెకూ అప్పటిదాకా తెలియదు. మాట బయటికొచ్చాకే తెలిసింది. "కటింగు పుస్తకమే. సొంతంగా అచ్చు వేసుకుంటున్నాను. అందులో ఆ మెడ సంగతి కూడా ఉంటుంది. వచ్చాక మీరూ ఒకటి కొనుక్కోండి."

బావగారు వెళ్ళాక భర్త చాలాసేపు యాపిల్ సంచీనే చూస్తూ కూర్చున్నాడు. "ఏమే, నిజంగా వేస్తావా?"

"వేస్తానండి."

"అన్నయ్యతో గొడవ..."

"మీకేం గొడవ లేదు. ఇంటిపేరు ఒకటేగా" అంది టేపమ్మ. ఆ మాట తిరిగి ఇవ్వడానికి ఇరవై రెండేళ్ళు దాచుకుంది.

*

మర్నాడు, అప్పట్లో అచ్చయ్యాక బావగారు తిరిగిచ్చేసిన నోటుపుస్తకం గుడ్డసంచీలో పెట్టుకుని వీధి చివరి ప్రెస్సుకు వెళ్ళింది. ఇరుకు గది, సిరా వాసన, మూలన ధన్‌ధన్‌మనే మెషీను, గోడవారగా కాగితం రీములు. కిటికీ దగ్గర కంప్యూటరు ముందు ఎదురింటి కోడలు. "రండి పిన్నీ" అని కుర్చీ లాగింది.

ప్రెస్సాయన చెయ్యి తిరిగిన మనిషి, నోరు కూడా తిరిగిన మనిషి. నోటుపుస్తకం నాలుగు పేజీలు తిప్పి, కళ్ళజోడు సవరించుకున్నాడు.

"అమ్మా, సొంతంగా వేసుకునేవాళ్ళు నా దగ్గరికి రోజూ వస్తారు. వచ్చినవాళ్ళందరూ వెయ్యి కాపీలు వెయ్యమంటారు. ఆర్నెల్లకి వాళ్ళింటికెళితే ఆ కట్టల మీద కూచోబెట్టి టీ ఇస్తారు. మీరు వందతో మొదలుపెట్టండి. పోతే మళ్ళీ వేద్దాం, ఫైలు ఎక్కడికీ పోదు. ఇక మీ ఫోటో తెచ్చారా, అట్టకి?"

"ఫోటో వద్దు. కత్తెర బొమ్మ వెయ్యండి."

ప్రెస్సాయన ఆమెను కొత్తగా చూశాడు. "ఫోటో వద్దన్న రచయితను ఈ వృత్తిలో మిమ్మల్నే చూశాను."

బైండింగు దగ్గర మాత్రం ఇద్దరికీ పడలేదు. జిగురు వేసి అతికిస్తే వీపు నున్నగా, దుకాణంలో పుస్తకంలా ఉంటుందన్నాడాయన. ఆమె ఒప్పుకోలేదు.

"జిగురు పుస్తకం తెరిస్తే ముడుచుకుపోతుంది. కత్తిరించేవాళ్ళకి ఒక చేతిలో గుడ్డ, ఒక చేతిలో కత్తెర. పుస్తకం పట్టుకోడానికి మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది? తెరిస్తే తెరిచినట్టు పడుండాలి. దారంతో కుట్టించండి."

"కుట్టు బైండింగు చేసేవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడమ్మా. ఆలస్యమవుతుంది."

"ఇరవై రెండేళ్ళు ఆగాను. ఇంకో పది రోజులు ఆగలేనా?"

అక్షరాలు కూడా పెద్దవి కావాలంది. కింద పరిచిన గుడ్డ మీద వంగితే, పక్కనున్న పుస్తకం కనిపించాలి. బొమ్మలు తిరిగి గీయాలి. ప్రతి బొమ్మకూ కొలత ఏ చివర నుంచి ఏ చివరకో బాణంగుర్తు ఉండాలి. ఇలా ఒక్కొక్కటీ తేల్చుకున్నాక ప్రెస్సాయన కాగితం మీద లెక్క వేశాడు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి అచ్చయి, మడతపెడితే ఒక కట్ట అవుతుంది. పుస్తకం ఎప్పుడూ కట్టల లెక్కనే పెరుగుతుంది. ఆమె రాసింది డెబ్భై ఆరు పేజీలకు వచ్చింది. ఐదు కట్టలకు ఎనభై.

"నాలుగు పేజీలు మిగులుతాయమ్మా. ఏదో ముందుమాట రాయించుకోండి. అందరూ ఎవరో ఒకరిచేత పొగిడించుకుంటారు."

"పొగడ్తే ఉండాలా? తిట్టు వెయ్యకూడదా?"

"మీ పుస్తకం, మీ ఇష్టం. తిట్టయినా పొగడ్తయినా నాలుగు పేజీలు దాటకూడదు. దాటితే ఇంకో పదహారు పెరుగుతాయి."

ఆ నాలుగు పేజీలూ టేపమ్మ రెండు వారాలు రాసింది. మధ్యాహ్నం పూట మిషను మీద పలక పెట్టుకుని, పళ్ళు నూరుకుంటూ రాసింది. నోటుపుస్తకం ఎలా పుట్టింది, ఎలా పోయింది, అట్ట మీది టేపు ఎవరిది. పాప ఎలా పడింది, భుజం ఎందుకు దిగింది. పడ్డ రోజున పాపను ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది బావగారేనని కూడా రాయాల్సి వచ్చింది. నిజం గనక. అందరికంటే ఆయనకే ఆ భుజం తెలిసుండాలి గనక కూడా. చివర్లో ఒక పేరా నిండా బావగారిని కడిగి ఆరేసింది. ఆ పేరా తనకే ఎంత నచ్చిందంటే, పొద్దున దీపం పెట్టేముందు కూడా ఓసారి చదువుకునేది. దేవుడు వింటున్నాడేమోనని గొంతు తగ్గించేది.

*

ముందుమాట కంపోజు చేసే రోజు టేపమ్మ కోడలి పక్కనే కూర్చుంది. కోడలి వేళ్ళు చకచకా కదులుతున్నాయి.

"పిన్నీ, మీ బావగారికి ఇది చదివితే టోపీ ఎగిరిపోతుంది."

"ఎగరనీ. ఆ బట్టతల ఫోటోలో ఎప్పుడూ కనబడనివ్వలేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. మూడో పేజీ సగంలో కోడలి వేళ్ళు ఆగిపోయాయి. టేపమ్మ చేతిరాతలో అక్కడ ఇలా ఉంది: 'ఈ తప్పు పుస్తకం వచ్చిన నెలలోనే నా కంటబడింది. అయినా నేను నోరు విప్పలేదు. ఆయన పేరు మీదే అది ఊరంతా తిరగాలని ఊరుకున్నాను.'

"ఆ నెలలోనే తెలుసా?"

"ఊఁ."

"నేను గౌను పట్టుకొచ్చింది ఏడాదికి."

టేపమ్మ తన కాగితం వైపు చూసింది. ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకుందో లెక్కలేదు. చదివినప్పుడల్లా బావగారి మొహమే కనిపించింది గాని, చుక్కల గుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ ఈ పిల్ల మొహం ఒక్కసారైనా కనిపించలేదు.

"చెయ్యి తిరగాలన్నారు" అంది కోడలు. గొంతు పెంచలేదు. తెర వైపే చూస్తోంది. "ఆ తరవాత నేను ఆ చేతిని నమ్మలేదు. మా అత్తగారు మిషను అమ్మేద్దామంటే, అమ్మేయండి, నా చేతిలో లేదు అన్నాను. ఇక్కడ చేరిన కొత్తలో ఒక్కో అక్షరం రెండుసార్లు చూసుకునేదాన్ని. అందరూ నిదానస్తురాలు, జాగ్రత్త మనిషి అనుకున్నారు. అది జాగ్రత్త కాదు. భయం."

మూలన మెషీను ధన్‌ధన్‌మంటూనే ఉంది.

"మీ బావగారు మీ పుస్తకం ఎత్తుకుపోయారు. మీరు ఆయన్ని కొట్టడానికి నా గౌను వాడుకున్నారు. ఒక్క నాదే అయ్యుండదు. పంతొమ్మిది ముద్రణలంటే ఎన్ని గౌన్లో." కోడలు ఆ కాగితం తీసి టేపమ్మ చేతిలో పెట్టింది. "ఇది నేను చూసి కొట్టను. మీరు పైకి చదవండి. విని కొడతాను."

టేపమ్మ చదివింది. 'నోరు విప్పలేదు' దగ్గర ఆగిపోయింది. కోడలు వేళ్ళు కీబోర్డు మీద ఆన్చే ఉంచింది. రెండోసారి చదివింది.

"తరవాత?"

"తరవాత బావగారి సంగతే."

"నా సంగతి లేదా?"

తన పగ కోసం తను ఇంతకాలం నోరు కుట్టుకుంటే, ఈ పిల్ల పగ దాన్ని విప్పిస్తోంది. టేపమ్మకు ముందు కోపమొచ్చింది. ఇది నా పుస్తకం అనబోయింది. అనలేకపోయింది. కాగితం పక్కన పెట్టి, రాయని మాటలు చెప్పడం మొదలుపెట్టింది. కోడలు కొట్టింది.

'మా ఎదురింటి అమ్మాయి ఈ తప్పు వల్ల గుడ్డ పాడుచేసుకుని నా దగ్గరకొచ్చింది. తప్పు నీ చేతిది అని చెప్పాను. అది అబద్ధం. ఎడమ భుజం అందరికీనా అని బావగారు అడిగినప్పుడు నేను తల ఊపాను. తెలిసి ఊపానో తెలియక ఊపానో దేవుడికే తెలియాలి. ఆ తరవాత నోరు మూసుకున్నది మాత్రం తెలిసే మూసుకున్నాను. గుడ్డలు పాడైనవాళ్ళందరూ నన్ను క్షమించాలి. మీ చేతులు మంచివే.'

చివరి మాట దగ్గర కోడలు ఒక్క క్షణం ఆగింది. కొట్టి, చుక్క పెట్టింది.

లోపలి నుంచి వచ్చిన ప్రెస్సాయన తెర చూసి నాలుక కరుచుకున్నాడు. "ఐదో పేజీలోకి పోయిందమ్మా. ఏదో ఒకటి తీసెయ్యాలి."

"ఆ తిట్ల పేరా తీసేస్తే సరిపోతుంది, అమ్మగారూ" అంది కోడలు.

పిన్నీ అనే పిలుపు పోయి అమ్మగారూ అయింది. టేపమ్మకు సూది వేలిలో దిగినట్టయింది. ఇంటికెళ్ళి ఆ పేరా మళ్ళీ చదువుకుంది. ఎంత బాగా కుదిరింది! ప్రతి మాటా మడతలో కూర్చున్నట్టు కూర్చుంది. మర్నాడు దేవుడి ముందు కూర్చుని ఏదీ అడగలేదు. లేచి ప్రెస్సుకెళ్ళి, "సగం తీసెయ్యండి. సగం ఉంచండి" అంది. మొత్తం తీయడానికి మనసొప్పలేదు. మిగిలిన సగాన్ని చిన్న అక్షరాల్లో పెట్టి ఇరికించమంది. అక్కడ అవే బాగుంటాయని బావగారే అన్నారు కదా.

*

పుస్తకాలు బైండరు దగ్గర నుంచి వచ్చిన రోజు, ఎవరు చెప్పారో గాని, బావగారు ప్రెస్సు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎవరు చెప్పారో టేపమ్మకు తెలుసు. వచ్చేటప్పుడు భర్త ఆమె కళ్ళలోకి చూడకుండా చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

"ఎన్ని వేశారు?" అని బావగారు ప్రెస్సాయనను అడిగారు.

"వందండీ."

"అన్నీ నేనే కొంటాను. కట్టలు విప్పకండి."

ప్రెస్సాయన మొహం వెలిగిపోయింది. "అయితే అమ్మా, రెండో ముద్రణకి కాగితం తెప్పించమంటారా?"

"ఒక్కటే అమ్ముతాను బావగారూ" అంది టేపమ్మ. "ఒక మనిషికి ఒక్కటి."

"ఇంటి పరువు బజారున పడుతుందమ్మా."

"పరువు మీ పుస్తకం అట్ట మీదుంది. నా దాని మీద కత్తెరే ఉంది. చూసుకోండి."

బావగారు ఒకటి కొన్నారు. నిలబడే ముందుమాట తెరిచారు. కళ్ళు పేజీ మీద కిందికి దిగుతుంటే టేపమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. ఈ చూపు కోసమే ఇన్నేళ్ళూ కాచుకుంది. రెండో పేజీలో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మూడో పేజీ మొదట్లో వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

"పాప భుజమా ఇది?" అన్నారు నెమ్మదిగా. "ఆస్పత్రిలో కట్టు కట్టేటప్పుడు పాపను ఒళ్ళో పెట్టుకుంది నేనే కదా."

"అదీ రాశాను బావగారూ. ఆ తరవాతి పేజీలోనే ఉంది."

ఆయన పేజీ తిప్పి అది చదివారు. పుస్తకం మూసి చంకలో పెట్టుకుని మెట్లు దిగారు. వీధిలోకి దిగాక చెయ్యి తన ఎడమ భుజం మీదికి పోయింది, అక్కడేదో సర్దుకుంటున్నట్టు. కడుపు చల్లబడిందా అంటే చల్లబడింది. అబద్ధమెందుకు, టేపమ్మ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది. కానీ తినేటప్పుడు కిటికీలోంచి ఎదురిల్లు కనిపిస్తూనే ఉంది.

నీలం మీద తెల్ల చుక్కల గుడ్డ కోసం నాలుగు దుకాణాలు తిరిగింది. ఎక్కడ చూసినా పువ్వులు, గీతలు, బొమ్మలు. ఐదో దుకాణంలో ఒక తాను దొరికింది. నీలం కాస్త లేత. చుక్క కాస్త పెద్దది. మీటరు ముప్పావు కోయించి, తన టేపుతో అక్కడే ఓసారి కొలుచుకుంది.

ఆదివారం పొద్దున్నే ఎదురింటి తలుపు తట్టింది. కోడలు తలుపు తీసి, గుడ్డను చూసింది, పుస్తకాన్ని చూసింది.

"నా కూతురికి ఇరవై ఆరేళ్ళు అమ్మగారూ. గౌను ఎవరికి?"

"ఎవరికీ కాదు. నీ చేతికి."

కోడలు గుమ్మంలోంచి తప్పుకుంది. టేపమ్మ సంచీలోంచి తన కత్తెర తీసి ముందుగదిలో నేల మీద పెట్టింది. కోడలు గుడ్డను నిలువునా మడిచి పరిచింది. పుస్తకం తెరిచి పక్కన పెట్టింది. అది తెరిచినట్టే పడుంది. ఒక్క పేజీ కూడా లేవలేదు.

"మడత విప్పాలా?" అంది కోడలు, పేజీ చూడకుండా.

"చదువుకో. నేనేం చెప్పను."

కోడలు వంగి చదివింది. మడత విప్పక్కర్లేదు. రెండు పొరలూ కలిపి ఒకేసారి కోయాలి. సుద్దతో గీత గీసింది. గీత మీద కత్తెర పెట్టి, ఒక్క క్షణం ఆగింది. టేపమ్మ తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి పట్టుకుని కూర్చుంది. కత్తెర కదిలింది.

కోశాక కోడలు గుడ్డ విప్పింది. కుడి భుజం, ఎడమ భుజం. మళ్ళీ మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుంది. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, వెలుగులో పట్టుకుని ఇంకోసారి చూసుకుంది.

టేపమ్మ నేల మీది తుంపులన్నీ ఏరి, చిన్న ముక్క కూడా వదలకుండా ఆమె ముందు పెట్టింది.

"మీటరు ముప్పావు. సరిపోయిందా?"

కోడలు తుంపుల వైపు చూడలేదు. చేతిలోని భుజాలనే చూస్తోంది.

"సరిపోయింది పిన్నీ" అంది.